వాడ ముచ్చట్లు – 14: పిల్ల నోట్ల ఎన్నెల



పోయిన వారం మన సాయంత్రం బడులు నడిపేటోళ్ల వాట్సాప్ గ్రూపుల ఒక చెల్లె మెసేజ్ పెట్టింది. యూనివర్సిటీల ఎంఏ చదువుతది. ఆదివారం ఆదివారం ఊరికి పోయి వాడ పిల్లలను కూడేసి చదువు చెప్తది. "అన్నా, చందాలేసుకొని ముప్పై బొమ్మల పుస్తకాలు కొన్నం. పిల్లలు కొద్దిసేపు తిరగేసి పక్కన పడేస్తున్నరు. నేను చదువుతుంటె కూసుంటలేరు. ఏం చేయాలె?" అని అడిగింది.

దాని కిందనే ఒక తమ్ముడు జవాబిచ్చిండు. "అక్కా, మన పిల్లలకు కావాల్సింది గురుకులం సీటు. కోతి కథలు, కుందేలు కథలు ఉన్నోళ్ల పిల్లల టైంపాస్. ఎక్కాలు చెప్పు, ఇంగ్లీషు చెప్పు."

ఇద్దరికీ గ్రూపుల రెండు ముక్కలల్ల చెప్పలేకపోయిన. అందుకే ఈ భాగం. తమ్ముని మీద నాకు కోపం లేదు. పదేండ్ల కింద నేను కూడ అదే మాట అన్నోన్నే. ఎందుకు మారిన్నో చెప్తె ఇద్దరికీ జవాబు దొరుకుతది.

ముందు నా సంగతి.

నేను మూడో తరగతిల ఉన్న. మా ఊరి సర్కారు బడి. తెలుగు వాచకం ఒక్కొక్కలం లేచి నిలవడి గట్టిగ చదవాలె. నా వంతుకు వచ్చిన వరుసల "వెన్నెల" అనే మాట ఉన్నది. నేను "ఎన్నెల" అని చదివిన. మా ఇంట్ల దాన్ని ఇంకో తీర్గ అనంగ నేను వినలే. సారు ఆపిండు. మళ్లా చదువుమన్నడు. మళ్లా ఎన్నెలే వచ్చింది. క్లాసంత నవ్వింది. ఐదోసారికి నోరు ఎండుకపోయింది. "మీ వాడోళ్లకు నోరు తిరగదురా, కూసో" అన్నడు. కొట్టలే. నవ్వుకుంటనే అన్నడు.

ఆ తర్వాత ఇంటర్ దాకా పది మంది ముందర నేను పుస్తకం పైకి చదవలే. నా వంతు రాబోతుందంటె ఒంటికి లేస్తుందని బయటికి పోయేటోన్ని. ఇయ్యాల వేలమంది ఉన్న సభల మైకు పట్టుకుంటె నాకు భయం లేదు. కానీ చేతికి కాగితం ఇచ్చి చదువుమంటె ఇప్పటికీ గుండె దడదడ కొట్టుకుంటది. మా ఇంట్ల మాట బడిల తప్పయిందన్న సంగతి ఎనిమిదేండ్లకే తెలిసొచ్చింది. దాన్ని మర్చిపోవుడు కష్టం.

బాబాసాహెబ్‌ను సతారా బడిల గోనెపట్ట మీద విడిగ కూసోబెట్టిన్రు. మనం అందరితోని కలిసి బెంచీ మీద కూసున్నం, నిజమే. కానీ మన నాలుకను మాత్రం చానా బడులల్ల ఇంకా గోనెపట్ట మీదనే కూసోబెడుతున్నరు.

బడిల పైకి చదువుడంటె పరీక్ష. పిల్ల చదువుతుంటె వినేటోళ్లు కథ వినరు, తప్పు కోసం వింటరు. 2021ల కేంద్రం నిపుణ్ భారత్ అని మొదలుపెట్టింది. 2026-27 కల్లా మూడో తరగతి దాటే ప్రతి పిల్లకు చదువుడు, లెక్కలు రావాలని లక్ష్యం. మూడో తరగతి పిల్ల నిమిషానికి కనీసం 60 పదాలు, అర్థం చేసుకొని చదవాలన్నరు. లక్ష్యం మంచిదే, మన పిల్లలకే అది ఎక్కువ అవసరం. కానీ క్లాసుల దిగేసరికి "అర్థం చేసుకొని" అన్నది ఎగిరిపోయి గడియారం మిగులుతది. గడియారం ముందర నిలవడ్డ పిల్లకు చదువంటె ఇష్టమెట్ల కలుగుతది?

మరి చెల్లె చేసిన తప్పేంది? ఆమె పరీక్ష పెట్టలే గదా అంటరు. ఎట్ల చదివినవమ్మా అని ఫోన్ చేసి అడిగిన. పిల్లలను వరుసల కూసోబెట్టి, పుస్తకం తన మొఖం ముందర పెట్టుకొని, మొదటి నుంచి చివరి దాకా చదివి, "ఈ కథల నీతి ఏంది?" అని అడిగిందట. మనకు తెలిసిన పద్ధతి అదొక్కటే. బడి మనకు చేసింది మనం తిరిగి పిల్లలకు చేస్తున్నం. బొమ్మ ఆమె దిక్కు ఉన్నది, నీతి పిల్లల దిక్కు ఉన్నది.

ఇక్కడ ఒక పాత సంగతి యాది చేయాలె. బొమ్మల పుస్తకం పది మందిల కూసోని చదువుకునుడు మనకు కొత్త కాదు. మా జనగామ దిక్కు, చేర్యాల దిక్కు పెరిగినోళ్లకు పటం కథలు తెలుసు. చేర్యాల నకాశీ కళాకారులు బట్ట మీద ఎర్రని రంగుల నడుమ కథంత బొమ్మలు గీస్తరు. కులానికో కథ, కథకో పటం. పద్మశాలీలకు కూనపులోళ్లు చెప్తరు. మాదిగోళ్లకు డక్కలోళ్లు చెప్తరు, జాంబపురాణం. కట్టెకు చుట్టిన పటాన్ని మూరెడు మూరెడు ఇప్పుకుంట, బొమ్మను చూపెట్టుకుంట, పాడుకుంట, నడుమ నడుమ ఆగి మాట్లాడుకుంట రాత్రంత చెప్తరు.

మా అమ్మమ్మ చిన్నప్పుడు చూసిన పటం గురించి చెప్పేది. "ముసలి జాంబవంతుని బొమ్మ ఎప్పుడొస్తదా అని చూసేటోళ్లం. అది రాంగనే మేమే ముందుగాల ఒర్రేటోళ్లం" అనేది. ఒక్క అక్షరం రాని మా అమ్మమ్మ, ముందు ఏ బొమ్మ వస్తదో ఎరిగి కథను అందుకున్నది. ఇయ్యాల చదువుల నిపుణులు బొమ్మల పుస్తకం చదివేటప్పుడు "తర్వాత ఏం జరుగుతదో పిల్లలను ఊహించనియ్యండి" అని చెప్తున్నది ఇదే.

1988ల అమెరికాల గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే పరిశోధకుడు, ఆయన తోటోళ్లు ఒక పని చేసిన్రు. రెండు మూడేండ్ల పిల్లల తల్లిదండ్రులకు, పుస్తకం చదివేటప్పుడు చదువుడు తగ్గించి అడుగుడు పెంచుమని నేర్పిన్రు. "ఇది ఏంది?" అని కాదు, "ఇక్కడ ఏమైతుంది?" అని అడగాలె. పిల్ల చెప్పిన మాటకు ఇంకో మాట జోడించాలె. ఒక నెలల్నే ఆ పిల్లల మాట ముందుకు పోయింది. దాన్ని సంభాషణతోని చదువుడు అన్నరు. పటం పట్టుకున్న డక్కలి తాత ఏ యూనివర్సిటీకి పోకుండనే ఆగుడు, అడుగుడు, అందుకోనిచ్చుడు చేసిండు.

మన భాగ్యరెడ్డి వర్మ 1906ల హైదరాబాద్‌ల జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు చదువురాని జనం ముందర హరికథలు చెప్పించిండు. చదువు మీద ఆశ పుట్టించేది ముందుగాల కథనే అని ఆయనకు తెలుసు. మనమే మర్చిపోయినం.

నేను మారింది మాత్రం మా అవ్వ వల్ల.

కరోనా కాలంల బడులు బందయినయి. నేను ఊరికి పోయిన. మా తమ్ముని బిడ్డకు అప్పుడు నాలుగేండ్లు. ఒక మేకపిల్ల తప్పిపోయి తల్లిని వెతుక్కునే బొమ్మల పుస్తకం తీస్కపోయి ఇచ్చిన. ఒక్కసారి చదివి వినిపించిన. పిల్ల కూసున్నది, అంతే. తెల్లారి నేను బయట నుంచి వచ్చేసరికి అర్ర కాడ మా అవ్వ ఒళ్లె పిల్ల, పిల్ల ఒళ్లె పుస్తకం. మా అవ్వ నిశాని. ఆమె "చదువుతుంది."

"ఇగో, ఇది మన ఎర్రమేక తీర్గ లేదా? దీని చెవి చూడు, చీలిక ఉన్నది. ఈ బొమ్మ గీసినోనికి మేక సంగతి తెల్వదు బిడ్డా, పాలు తాగే పిల్లకు ఇంత కొమ్ము ఉంటదా?" పిల్ల పక్కున నవ్వింది. "మరి తల్లెటు పోయిందే నాయినమ్మా?" "నువ్వే చెప్పు, మేకలు ఎండపూట యేడికి పోతయ్?" "తుమ్మచెట్టు కిందికి!" పేజీ తిప్పితె పుస్తకంల రావిచెట్టు ఉన్నది. పిల్ల కోపానికొచ్చింది, పుస్తకమే తప్పని.

నేను గడప కాడనే నిలవడ్డ. నా పుస్తకాన్ని మా అవ్వ తనకన్న మంచిగ తెలిసిన ఇంకో పుస్తకంగ మార్చింది. చదువురాని మనిషి పుస్తకంల తప్పు పట్టింది. పుస్తకంల తప్పు పట్టొచ్చని నాలుగేండ్ల పిల్లకు తెలిసింది. నాకు ఆ ధైర్యం వచ్చేసరికి ముప్పై ఏండ్లు దాటినయ్.

ఆ పిల్ల ఆ పుస్తకాన్ని నెల రోజులు రోజూ చదివించుకున్నది. తర్వాత తనే పక్కింటి పిల్లలను కూసోబెట్టి చదివింది. చదివిందంటె, పుస్తకం పట్టుకొని మా అవ్వ గొంతుతోని చెప్పింది. అక్షరాలు రెండేండ్లకు వచ్చినయ్. వచ్చినప్పుడు వాటిని ఎందుకు నేర్చుకోవాలెనో ఆమెకు ముందే తెలుసు.

చెల్లే, అప్పటి నుంచి మా వాడల చేసిన పనిల తెలుసుకున్నవి ఇవి. నీకు పనికొస్తయేమో చూడు.

ఒకటి. పది పన్నెండు మందికన్న ఎక్కువైతె రెండు గుంపులు చెయ్. అర్ధచంద్రం తీర్గ దగ్గర కూసోవాలె, చివర్న ఉన్నోనికి కూడ బొమ్మ కనవడాలె. పుస్తకం నీ భుజం పక్కన, పిల్లల దిక్కు తిప్పి పట్టు. అందుకోసం కథ నీకు ముందే రావాలె. ఇంటి కాడ రెండుసార్లు పైకి చదువుకొని పో.

రెండు. అట్టతోని మొదలుపెట్టు. "ఈ పోరి ఎటు పోతుండొచ్చు?" అని అడిగి ఊకో. నీకు ఊకునుడు కష్టమైతది, టీచర్లకు అదే కష్టం. పిల్లలకు కొంచెం టైం ఇయ్. మొదటి రోజు ఒక్కలు మాట్లాడుతరు, నాలుగో రోజు నువ్వు ఆపలేవు.

మూడు. ఒక్క మాట మళ్లీ మళ్లీ వచ్చే పుస్తకాలు ముందుగాల తీస్కో. మూడో పేజీకి ఆ మాట పిల్లలే అందుకుంటరు. గుంపుల కలిసి అన్నప్పుడు ఎవ్వని గొంతూ విడిగ దొరకదు. భయమున్న పిల్ల అండ్లనే మొదటిసారి నోరు తెరుస్తది. పాటకు కోరస్ ఇచ్చినట్టు. మన కళాబృందాలల్ల పెరిగినోళ్లకు ఇది చెప్పనవసరం లేదు.

నాలుగు. అదే పుస్తకం మళ్లీ చదువుమంటె విసుక్కోకు. మొదటిసారి కథ కోసం, రెండోసారి బొమ్మ కోసం, మూడోసారి మాట కోసం వింటరు. ముప్పై పుస్తకాలు ఒక్కపారి కుప్ప పోయకు. నెలకు నాలుగైదు చాలు.

ఐదు. పిల్ల "ఎన్నెల" అంటె "అవును, ఎన్నెల ఎట్ల కాస్తుందో చూడు" అను. పుస్తకంల ఉన్నట్టు తర్వాత నువ్వు చదివినప్పుడు "వెన్నెల" అని చదువు. ఆమె చెవి రెండూ అందుకుంటది. రెండూ ఆమెవే. ఎవ్వల ముందర ఏది వాడాలెనో ఆమె నేర్చుకుంటది, మనందరం నేర్చుకోలేదా? సిగ్గు మాత్రం నేర్పకు.

ఆరు. నీతి అడగకు. నీతి చెప్పకు. ఆఖరి పేజీ అయినంక పరీక్ష పెట్టకు. "నీకు ఏ బొమ్మ నచ్చింది?" చాలు. నచ్చలేదంటె, ఎందుకో విను.

ఏడు. పుస్తకాలు బీరువాల పెట్టి తాళమెయ్యకు. చినుగుతయ్. అన్నం పసుపు అంటుతది. మైదా జిగురు కలిపి, పిల్లలతోనే అతికించు. మనం ముట్టుకుంటె మైల అన్న సమాజంల, పుస్తకాన్ని కూడ ముట్టుకోవద్దని మన పిల్లలకు మనమే చెప్తె ఎట్ల?

ఎనిమిది. ఐదో తరగతి పిల్లలతోని ఒకటో తరగతి పిల్లలకు చదివించు. క్లాసుల తడబడే పిలగాడు చిన్నోళ్ల ముందర తడబడడు, వాళ్లు వానికి మార్కులు వెయ్యరు గనక. వెనకబడ్డడని అందరూ వదిలేసిన పిలగాడు చిన్నోళ్లకు చదివి వినిపించెతందుకు ఇంటి కాడ రాత్రి ప్రాక్టీసు చేసుడు నేను చూసిన. వాళ్ల నాయిన నన్ను ఆపి, "మావోడు గోడకు చదివి వినిపిస్తుండు సారూ" అన్నడు.

ఇక పుస్తకాలల్ల ఎవ్వలుంటరన్న సంగతి.

మన పాత అక్షరమాల పుస్తకాలల్ల "ఋ" అంటె ఋషి. చెప్పులు కుట్టే ఆరె, డప్పు, గంప నాకు యాదికున్న పుస్తకాలల్ల ఏ అక్షరానికీ బొమ్మ కాలే. 1965ల అమెరికాల నాన్సీ లారిక్ అనే ఆమె 1962 నుంచి 64 దాకా అచ్చయిన 5,206 పిల్లల పుస్తకాల లెక్క తీసింది. వాటిల్ల ఒక్క నల్ల మనిషన్న ఉన్నవి 349, నూటికి ఏడు కూడ కావు. ఆ కాలంలనే, 1962ల, ఎజ్రా జాక్ కీట్స్ మంచు కురిసిన రోజు గురించి ఒక బొమ్మల పుస్తకం చేసిండు. ఎర్ర కోటేసుకున్న నల్లపిల్లగాడు మంచుల ఆడుకుంటడు. అంతే కథ. ఎవ్వలూ వాన్ని కొట్టరు, వాడు ఎవ్వలకూ ఉపన్యాసమియ్యడు. తెల్లారి సంవత్సరం దానికి అమెరికాల బొమ్మల పుస్తకాలకిచ్చే పెద్ద బహుమతి, కాల్డికాట్ పతకం, వచ్చింది.

ఈ ముచ్చట ఎందుకు చెప్తున్ననంటె, మనోళ్లు పిల్లల పుస్తకం అనంగనే వెంటనే అంటరానితనం కథ తీస్తరు. అది కావాలె. 2008ల హైదరాబాద్ అన్వేషి వాళ్లు గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు లాంటోళ్లతోని పిల్లల కథలు రాయించి తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల తెచ్చిన్రు. కంచ ఐలయ్య సారు 2007ల కుండ చేసేటోళ్లు, తోలు పని చేసేటోళ్లు, బట్టలుతికేటోళ్ల శ్రమ మీద పిల్లల కోసం ఇంగ్లీషుల పుస్తకం రాస్తె, గోండు కళాకారిణి దుర్గాబాయి వ్యాం బొమ్మలేసింది. ఇవి కొంచెం పెద్ద పిల్లలకు తప్పక చదివించాలె. కానీ నాలుగేండ్ల పిల్లకు మన వాడ పిల్ల వానల తడిసే పుస్తకం కూడ కావాలె. మేకను వెతికే పుస్తకం, అవ్వతోని సంతకు పోయే పుస్తకం. మన పిల్ల పుస్తకంల సంతోషంగ కనవడుడు చిన్న సంగతి కాదు.

కొనుక్కునే తొవ్వ కూడ చెప్త. సికింద్రాబాద్‌ల మంచి పుస్తకం వాళ్ల కాడ తక్కువ ధరకు తెలుగు బొమ్మల పుస్తకాలు దొరుకుతయ్. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015ల మొదలుపెట్టిన స్టోరీవీవర్‌ల తెలుగు కథలు ఉట్టిగ చదువుకోవచ్చు, దించుకోవచ్చు. అంతేకాదు, మూల రచయిత పేరు పెట్టి మన మాటలల్ల మార్చి కూడ రాసుకోవచ్చు. బొమ్మ అదే, మాట మన వాడది. ఇంటర్ పిల్లలకు ఈ పని ఇచ్చి చూడున్రి.

తమ్ముడూ, ఇప్పుడు నీ మాట. గురుకులం సీటు కావాలె, కాదంటలేను. నేను కూడ ఆ తొవ్వలనే వచ్చిన. ఇంకో సంగతి కూడ ఒప్పుకోవాలె. బొమ్మల పుస్తకం చదివినంత మాత్రాన అక్షరాలు రావు. గుణింతాలు, ఒత్తులు విడిగ కూసోని ఓపికతోని నేర్పాల్సిందే. కథ చెప్తె చాలు, చదువు అదే వస్తదని ఎవ్వలన్న అంటె నమ్మకు. ఆ మాట నమ్మి నష్టపోయేది మన పిల్లలే, ఉన్నోళ్లకు ట్యూషన్లున్నయ్.

కానీ ఎంట్రన్స్ పరీక్షల పేరా ఇచ్చి ప్రశ్నలడుగుతరు గదా. పేరా చదివి అర్థం చేసుకునేటందుకు వందల వేల మాటలు చెవిల ఉండాలె. ఉన్నోళ్ల పిల్లలకు అవి రాత్రి పండుకునేటప్పుడు తల్లి పక్కన పడుకొని చదివితె ఎక్కినయ్. మన అవ్వలు పొద్దుగూకి కూలికాడి నుంచి వచ్చి పొయ్యి ముట్టిస్తరు. వాళ్లకు మాటలు లేక కాదు, టైం లేక. ఆ పావుగంట వాడ అంత కలిసి పిల్లలకియ్యాలె. అది టైంపాస్ కాదు తమ్ముడూ, మనకు బాకీ ఉన్న టైం.

ఆఖరుకు మనల్ని మనం అడుక్కోవాల్సిన మాట ఒకటున్నది. మనకు పటం చూపించి మన పుట్టుక కథ చెప్పిన డక్కలోళ్లను మన మాదిగోళ్లమే ఇంట్లకు రానియ్యలే. వాడ బయట గుడిసెలేసుకొమ్మన్నం. కథ తీస్కున్నం, మనిషిని దూరం పెట్టినం. మా ఆదివారం గుంపుల మొదటి మూడు నెలలు డక్కలి పిల్లలు రాలే. ఎందుకు రాలేదని ఎవ్వలం అడగలే కూడ. వచ్చినంక కూడ దూరం కూసున్నరు. మాల పిల్లలొకదిక్కు, మాదిగ పిల్లలొకదిక్కు కూసునే వాడలు ఇంకా ఉన్నయ్. చంకల తమ్మున్ని ఎత్తుకొని గోడకు ఆనుకొని నిలవడే ఆడపిల్ల గుంపుల ఉన్నట్టా లేనట్టా? ఆ చంకల పిల్లగాన్ని ఇంకొకలు ఎత్తుకుంటెనే ఆమె చేతికి పుస్తకం వస్తది. పుస్తకం చుట్టూ గీసిన అర్ధచంద్రంల ఎవ్వలు ముందు కూసున్నరో, ఎవ్వలు గోడ కాడ నిలవడ్డరో ముందుగాల చూడున్రి. మన రాజకీయం ఎంత నిజమో ఆడ్నే కనవడుతది.

పోయిన నెల ఒక ఆదివారం మా గుంపుల ఒక డక్కలి పిల్లగాడు, ఏడేండ్లుంటయేమో, మొదటిసారి పుస్తకం అందుకున్నడు. అక్షరాలు సగమే వచ్చు. రెండు పేజీలు కూడబలుక్కున్నడు. మూడో పేజీల పుస్తకాన్ని పిల్లల దిక్కు తిప్పి, బొమ్మ మీద వేలు పెట్టి, వాళ్ల తాత తీర్గ రాగం తీసుకుంట చెప్పబట్టిండు. ఎవ్వలూ నవ్వలే. పిల్లలంత దగ్గరికి జరిగిన్రు. అండ్ల "ఎన్నెల" అనే మాట కూడ వచ్చింది. ఎవ్వలూ దిద్దలే.

ఈ ఆదివారం మీరు ఏ ఊర్ల ఉన్నా ఒక్క పుస్తకం, పది మంది పిల్లలు, పావుగంట. చేసి చూడున్రి. ఏమైందో కామెంట్ల రాయున్రి. కూసోకపోతె కూసోలేదనే రాయున్రి, ఎందుకో కలిసి ఆలోచిద్దాం.

వచ్చే భాగంల మన హాస్టళ్లల్ల లైబ్రరీ గదులకు తాళాలు ఎందుకుంటయో మాట్లాడుకుందాం.

జై భీమ్.